మసెమ్మ చచ్చిందన్నది ఎవరు?

స్టూడియో, మూడో అంతస్తు, కిటికీ లేని గది
జనవరి

గౌరవనీయులైన రచయిత్రి గారికి,

మీరు రాసిన ‘ఏడు వంతెనల నగరం’ నాలుగు పుస్తకాల ఆధారంగా మా సంస్థ తయారుచేస్తున్న కంప్యూటర్ గేమ్‌లో కథల విభాగం బాధ్యతను ఈ నెల నుంచి నాకు అప్పగించారు. ఒప్పందం ప్రకారం దేవతల కథల్లో ఏ మార్పు చేయాలన్నా మీ సంతకం కావాలి. ఆ మార్పుల గురించే ఈ ఉత్తరం.

మా లాయరు గారి కోసం రాయాల్సింది అయిపోయింది. మరదలా, ఎలా ఉన్నావు? ఫోన్ చేస్తే పోయేదానికి ఉత్తరమేమిటని నవ్వకు. ప్రతి మాటా కాగితం మీద ఉండాలని మా వాళ్ళ పట్టు. పైగా ఫోన్లో నువ్వూ నేనూ మొదలుపెడితే దేవతల దగ్గరికి వచ్చేసరికి చార్జింగ్ అయిపోతుంది.

విషయానికి వస్తాను. నీ దేవతలకి కుదురు లేదు. మసెమ్మనే తీసుకో. పొయ్యిలో, కొలిమిలో, దీపంలో ఉండే దేవత అన్నావు. బావుంది. రెండో పుస్తకం చివర కోట తగలబడినప్పుడు చచ్చిపోయింది. మూడో పుస్తకం తెరిస్తే మొదటి పేజీలోనే ఎవరికో నీళ్ళు కాచమని సలహా ఇస్తోంది. చచ్చినావిడ సలహాలివ్వడమేమిటే? తాళాలయ్య ఒకచోట పుట్టుగుడ్డి, ఇంకోచోట తాళంకన్నంలోంచి తొంగిచూస్తాడు. ఇన్నేళ్ళుగా కోర్టు వార్తలు రాస్తున్న విలేకరివి. నిందితుడి చొక్కా రంగు కూడా తప్పు రాయవు. దేవుళ్ళ దగ్గరికొచ్చేసరికి ఏం పోయేకాలం వచ్చింది నీకు?

అన్నీ సరిచేసి పట్టిక వేశాను, జతచేస్తున్నాను. ఒక్కో దేవతకి ఒకే పుట్టుక, ఒకే రూపం, ఒకే కథ. మసెమ్మ చావలేదు. ఆ చావు కథ గేమ్‌లోంచీ, మళ్ళీ వేయబోయే పుస్తకాల్లోంచీ తీసేస్తాం. ఆటగాళ్ళకి ఆవిడంటే ఇష్టం, ఆవిడ గుడి లేకపోతే మొదటి ఊరే లేదు.

సంతకం పెట్టి పంపు. మా బాసుకి చెవిలో ఎప్పుడూ ఇయర్‌ఫోన్ వేలాడుతూ ఉంటుంది, అందుకని చాటుగా ‘చెవిపోగు’ అంటాం. వేసవి లోపల దేవతల పట్టిక తేలకపోతే నా కుర్చీ ఇంకొకళ్ళదని ఆ చెవిపోగు ముందే చెప్పేశాడు.

మీ అన్నయ్య బాగానే ఉన్నాడు. నీ పుస్తకాలు ఇంట్లో చదువుకుందామని అడిగితే, “అవి మనింట్లో లేవు” అన్నాడు. సొంత చెల్లెలి పుస్తకాలు ఇంట్లో లేకపోవడమేమిటని పోట్లాడాను. బజారుకి వెళ్ళొస్తానని చెప్పులేసుకున్నాడు. బజారు నుంచి ఏమీ తేలేదు.

వదిన


కోర్టు క్యాంటీన్, మూల బల్ల
ఫిబ్రవరి

వదినా,

సంతకం పెట్టలేదు. పట్టిక వెనక్కి పంపుతున్నాను.

కారణం చెప్తాను. ఆ పుస్తకాలు నేను ఇంట్లో కూర్చుని ఊహించి రాసినవి కావు. టైర్ల కొట్టు మీద గదిలో, పత్రికాఫీసు పారేసిన బల్ల చుట్టూ, నాలుగేళ్ళపాటు ప్రతి ఆదివారం ఆడిన ఆట అది. ఒక్కొక్కరూ ఒక్కో పాత్ర. పాచికలు వేసేవాళ్ళు, దెబ్బలు తినేవాళ్ళు, వంతెనలు దాటేవాళ్ళు. ఆట నడిపింది నేను. ఎవరెవరు ఏం చేశారో రాసిందీ నేనే.

మాకు ఒక నియమం ఉండేది. దేవుడికి ఎవరు మొక్కితే, ఆ దేవుడి జవాబు వాళ్ళే చెప్పాలి. నేను చెప్పను, పాచికలు చెప్పవు. మొక్కినవాళ్ళే నోరు తెరవాలి. ఏం చెప్తే అది రాయాలి. ఇంకొకళ్ళు దాన్ని కాదనకూడదు.

అందుకే తాళాలయ్య డ్రైవింగు మాస్టారికి గుడ్డివాడు, నర్సుకి తొంగిచూసేవాడు. డ్రైవింగు మాస్టారు రోజూ స్టీరింగు కొత్తవాళ్ళ చేతికిచ్చి పక్కన కూర్చునే మనిషి, ఆయనకి చూపు లేని దేవుడే కావాలి. నర్సుకి ప్రతి తలుపు వెనకా ఏం జరుగుతోందో తెలియాలి. ఇందులో ఏది తప్పు?

కోర్టులో ఇద్దరు సాక్షులు ఒకే సంఘటనని రెండు రకాలుగా చెప్తారు. ఇద్దరూ అబద్ధాలకోరులు కానక్కర్లేదు. నేను కలిపి ఒకటి చేయను. ఫలానా మనిషి ఇలా అన్నాడు, ఫలానా మనిషి అలా అంది అని రాస్తాను.

పుస్తకాల్లోనూ అలాగే రాశాను. ప్రతి దేవత కథ కింద అది ఎవరి మాటో ఉంటుంది. ‘కట్టుకట్టేదాని మాట’, ‘బండివాడి మాట’, అలా. అవి ఆట పేర్లు. నీ ఉత్తరంలో వాటి ఊసే లేదు. నీకు ఆ పేర్లు కనిపించలేదా, లేక కనిపించినా వద్దనుకున్నావా? అచ్చు పుస్తకాలు నాలుగూ పంపుతున్నాను. కళ్ళారా చూసుకో.

మసెమ్మ చావు కథ మాత్రం ముట్టుకోనివ్వను. దాని గురించి బేరాలు పెట్టకు.

అన్నయ్యని అడిగానని చెప్పు.

మరదలు


స్టూడియో, కిటికీ లేని గదే
ఫిబ్రవరి చివర

మరదలా,

నాకు పేర్లు కనిపించలేదు. కనిపించకుండా చేశారు. నేను ఇక్కడికి రాకముందే ఈ పుస్తకాలు కంప్యూటర్లోకి ఎక్కించారు. ఎక్కించిన కుర్రకారు ప్రతి కథ కిందా ఆ చిన్న అక్షరాల వరస చూసి పేజీ అలంకారం అనుకుని మొత్తం తుడిచిపారేశారట. ఒక్కటీ మిగల్చలేదు. అంతా అయ్యాక, “ఈ దేవుళ్ళకి తలాతోకా లేదు” అని నన్ను తెచ్చి కూర్చోబెట్టారు!

పుస్తకాలు పట్టుకుని చెవిపోగు గదికి వెళ్ళాను. “సార్, పేర్లు మళ్ళీ పెడితే గొడవే లేదు” అన్నాను.

“పెడితే?”

“చచ్చిందన్నది ఒకళ్ళు, బతికుందన్నది ఇంకొకళ్ళు అని తెలుస్తుంది.”

“అసలు చచ్చిందా, బతికుందా?”

“ఎవరి మాట ప్రకారం?”

“నా మాట ప్రకారం! మేడమ్, ఆటగాడు గుడికి వెళ్తాడు. లోపల దేవత ఉండాలా వద్దా? ఒకటి చెప్పండి.”

నిజం చెప్పొద్దూ, నీ నియమం బల్ల చుట్టూ నలుగురు కూర్చున్నప్పుడు బానే ఉంటుంది. లక్షమంది ఒక్కళ్ళొక్కళ్ళే ఆడుకునేచోట ఎలా కుదురుతుందో నాకు అర్థం కావట్లేదు. అందుకని మధ్యేమార్గం చెప్తున్నా. తాళాలయ్య నీ ఇష్టం, గుడ్డివాడైనా సరే, నాలుగు కళ్ళున్నా సరే. మసెమ్మ ఒక్కదాన్ని నాకు బతికించి ఇయ్యి.

చావు కథ కింద ‘దివిటీవాడి మాట’ అని ఉంది. నాలుగు పుస్తకాల్లోనూ ఆ పేరుతో అదే ఆఖరి కథ. ఎవడే ఈ దివిటీవాడు? చెప్తే వెళ్ళి కాళ్ళు పట్టుకుంటా. అనుమతి ఆయన్నే అడుగుతా.

వదిన


కోర్టు క్యాంటీన్
మార్చి

వదినా,

పేరు చెప్పను. చెప్పిన మనిషి అనుమతి లేకుండా పేరు బయటపెట్టడం నా వృత్తిలో లేదు. జడ్జి అడిగినప్పుడూ చెప్పలేదు, వదిన అడిగితే చెప్తానా?

మధ్యేమార్గం ఒప్పుకోను. చావు కథ తీసేస్తే నువ్వు సరిచేస్తున్నది తప్పుని కాదు. ఒక మనిషి చెప్పిన మాటని చెప్పలేదంటున్నావు. తేడా నీకు తెలుసు. తెలియనట్టు నటించకు, నీకు నటన రాదు. మీ పెళ్ళిచూపుల్లోనే చూశాను.

చెవిపోగు ప్రశ్నకి జవాబు ఉంది. గుడికి వెళ్ళిన ఆటగాణ్ణే అడగమను, దేవత ఉందా లేదా అని. వాడేం చెప్తే అదే ఆ గుడి. లక్షమందికి లక్ష గుళ్ళు. కంప్యూటర్లు ఉన్నది దేనికి?

పని పోతుందని భయంగా ఉందా? ఉంటే దాచకుండా రాయి. దాని గురించి విడిగా మాట్లాడుకుందాం. కానీ రెండూ కలిపి నా మీద పెట్టకు.

మరదలు


ఇల్లు, వంటింటి బల్ల
మార్చి

మరదలా,

ఇది ఆఫీసు ఉత్తరం కాదు. దీనికి నకలు లేదు.

ఆదివారం సాయంత్రం ఆ కథ మీ అన్నయ్యకి చదివి వినిపించాను. ఆయన గిన్నెలు తోముతున్నాడు, నేను తుడుస్తున్నాను. నా గొడవ ఏమిటో ఇంట్లోవాళ్ళకి అర్థం కావాలి కదా అని. “కోట తగలబడింది. దివిటీవాడు తలుపు ముందు మోకాళ్ళ మీద కూర్చుని మసెమ్మని పిలిచాడు. మసెమ్మ పలకలేదు. తెల్లారాక చేతులు పెట్టి వెతికాడు” అని చదివి, పేజీ తిప్పుతున్నాను. తడిచేతులకి పేజీ అంటుకుంది.

“బూడిద చల్లగా ఉంది” అన్నాడు మీ అన్నయ్య.

నేను ఇంకా పేజీ తిప్పనే లేదు. తిప్పి చూస్తే అదే మాట.

“మసెమ్మ చచ్చిపోయింది” అని ఆఖరి ముక్క కూడా ఆయనే అన్నాడు. తోముతున్న గిన్నె తోముతూనే ఉన్నాడు.

పెళ్ళయి పన్నెండేళ్ళు. ఆయనకి ఏ కూరలో ఉప్పెంతో నాకు తెలుసు. ఏ చొక్కా బొత్తాం ఎప్పుడు ఊడుతుందో తెలుసు. పెళ్ళికి ముందు ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేశాడనీ, నచ్చక మానేశాడనీ తెలుసు. ‘నచ్చక’. నాకు చెప్పింది అంతే.

మిగతాది ఆదివారం చెప్పాడు. బాయిలర్ పేలడం. లోపల స్నేహితుడు. వేడికి బిగుసుకుపోయిన తలుపు. అవతలి నుంచి ఆ అబ్బాయి కొడుతున్నంతసేపూ ఈయన ఇవతల గడ్డపార వేసి లాగుతూనే ఉన్నాడట. తర్వాత కొట్టడం ఆగిందట. తప్పు ఎవరిదీ కాదని విచారణలో తేల్చారట.

నీ మీద కోపంగా ఉంది. నీకు తెలుసు, ఆ నర్సుకి తెలుసు, స్టీరింగు పట్టుకోవడం నేర్పేవాడికి తెలుసు, నాకు తెలీదు! ఆ తర్వాత నా మీద నాకే కోపం వచ్చింది. ఆ కథ చుట్టూ ఎర్రపెన్సిలుతో గీత గీసి ‘అనవసరం’ అని రాసింది నేనే. ఆయన అది చూశాడు. ఏమీ అనలేదు. అనుంటే బావుండేది.

నీకు చెప్పమన్నాడు, నువ్విక దాచనక్కర్లేదట. ఆ రోజు బల్ల దగ్గర ఏం జరిగిందో రాయి. ఆయన చెప్తే సగం మింగేస్తున్నాడు.

వదిన


టైర్ల కొట్టు మీద గది (ఇప్పుడు పాత పత్రికలు పెట్టుకుంటున్నాను)
ఏప్రిల్

వదినా,

అన్నయ్య చెప్పమన్నాడు కాబట్టి చెప్తున్నాను. నేను చూసింది మాత్రమే రాస్తాను.

పేలుడు మంగళవారం. ఆ ఆదివారం అన్నయ్య ఆటకి రాడనుకున్నాం. వచ్చాడు. ఎడమచేతికి కట్టు ఉంది. అన్నయ్య పాత్ర దివిటీవాడు, మసెమ్మ భక్తుడు. ఆ రోజు ఆటలో కోట తగలబడాలని నేను ముందే అనుకుని ఉన్నాను. మార్చేస్తానన్నాను. “మార్చకు” అన్నాడు.

కోట తగలబడింది. దివిటీవాడు మొక్కాడు. నియమం ప్రకారం జవాబు అన్నయ్యే చెప్పాలి. కింద కొట్లో టైరుకి గాలి కొడుతున్న చప్పుడు వినిపించింది. చివరికి నువ్వు చదివిన ఆ వాక్యాలు చెప్పాడు. నేను రాశాను. ఒక్క మాట కూడా దిద్దలేదు.

మరుసటి ఆదివారం నర్సు వంతు. ఆవిడ కావాలని మసెమ్మకే మొక్కింది. డ్రైవింగు మాస్టారు, “అమ్మా, ఆవిడ పోయింది కదా” అన్నాడు. ఆవిడేమందో నాకు బాగా గుర్తు. “నా వార్డులో రోజూ ఎవరో ఒకళ్ళు బతుకుతున్నారండీ. నాకు ఆవిడ చచ్చిపోతే కుదరదు.” అని, దేవత తనతో నీళ్ళు కాచమందని చెప్పింది.

నేను కలం పక్కన పెట్టి అన్నయ్య వైపు చూశాను.

“నీకు పలికిందా?” అని అడిగాడు నర్సుని.

“పలికింది.”

“రాయి” అన్నాడు నాతో. “నాది కొట్టెయ్యకు. ఆవిడది కూడా రాయి.”

జరిగింది ఇది. ఆ తర్వాత అన్నయ్య ఆటకి రాలేదు. పుస్తకాలు అచ్చయ్యాక ఇవ్వబోతే, ఇంట్లో వద్దన్నాడు. అప్పటికి నువ్వింకా మా ఇంటికి రాలేదు. నీకు చెప్పడం చెప్పకపోవడం వాడి ఇష్టం, నాది కాదు. నీ కోపం నాకు చెందదు. అయినా భరిస్తాను, వదినవి కాబట్టి.

దీనితోపాటు మీ లాయరుకి వేరే కాగితం పెట్టాను. అందులో ఒకే వాక్యం: ఏ దేవత కథలోనూ ఏ మార్పుకీ నేను ఒప్పుకోను, తీసేసిన పేర్లు తిరిగి పెట్టాలి. దీనివల్ల నీకు ఇబ్బంది వస్తుందని తెలుసు. తెలిసే రాశాను.

మరదలు


స్టూడియో, మెట్ల కింద గది
మే

మరదలా,

గది మారింది, చూశావా? ఇక్కడా కిటికీ లేదు, కాకపోతే పైన జనం నడుస్తుంటే లోకం నడుస్తున్నట్టుంటుంది.

మీటింగు సంగతి చెప్తా. నీ కాగితం మా లాయరు చదివాడు. గదిలో అందరూ నా వైపు తిరిగారు, నీ నోటికి తాళం నా దగ్గరుందన్నట్టు. చెవిపోగు ఆ రోజు చెవిలోది తీసి బల్ల మీద పెట్టాడు. అంటే సీరియస్ అన్నమాట.

“మేడమ్, ఆవిడ మీ ఇంటి మనిషే కదా. ఒప్పించండి.”

“ఒప్పించను సార్.”

“ఒప్పించలేరా?”

“ఒప్పించను. నేనే ఒప్పుకోవడం మానేశాను.”

నా పట్టిక నేనే తీసి బల్ల మీద పెట్టి, ఇది తప్పు అన్నాను. గొడవ తెచ్చింది మనం పేర్లు తుడిచెయ్యడమేగానీ దేవతలు కారన్నాను. ఆటగాణ్ణే జవాబు చెప్పనిద్దాం, వాడి గుడి వాడిది అన్నాను. నీ మాటే, నా పేరు కింద చెప్పాను. నీ నియమం ప్రకారం తప్పు, క్షమించు. మూల కూర్చుని బొమ్మలు గీసే ఆవిడ “ఇది బావుంది సార్, చేయొచ్చు” అంది. మళ్ళీ తల దించుకుంది.

“మరి చచ్చిందని చెప్పేవాడికి మనం ఏం చూపిస్తాం? ఖాళీ గుడా?” అన్నాడు చెవిపోగు.

“అవును. చల్లటి బూడిద.”

“అది చూసి వాడు ఆట మానేస్తే?”

“మానేస్తాడు సార్. మానేసినవాళ్ళు ఉన్నారు. ఖాళీ గుడిని నిండా ఉందని చూపిస్తే మాత్రం వాడు మళ్ళీ ఎప్పటికీ రాడు.”

చెవిపోగు ఇయర్‌ఫోన్ తిరిగి చెవిలో పెట్టుకున్నాడు. మొత్తానికి తేలింది ఇది: మార్చడానికి వీల్లేదు కాబట్టి నీ దేవతల్ని ఒక్కళ్ళనీ వాడరు. కొత్తవాళ్ళని పుట్టిస్తారు, ఒకే పుట్టుక, ఒకే రూపం, అరగంటలో పదిమందిని. కథల విభాగం ఇంకొకళ్ళకి ఇచ్చారు. నన్ను ఆయుధాల విభాగంలో వేశారు. ఏ కత్తి ఎంత పదునో రెండేసి లైన్లు రాయాలి. రాస్తున్నాను. ‘ఈ కత్తి అంత మంచిది లేదని అమ్మినవాడు చెప్పాడు. కొన్నవాడు ఇంకా ఏమీ చెప్పలేదు.’ మూడు వెనక్కి పంపారు. మళ్ళీ అలాగే రాసి పంపాను.

ఇంట్లో ఇదంతా చెప్తే మీ అన్నయ్య మొదటిసారి గట్టిగా అరిచాడు. “చచ్చిందన్నది నేను! బతికించడానికి వాడెవడు?” అని. పక్కింటావిడ ఎవరు పోయారని పరుగెత్తుకొచ్చింది. ఏం చెప్పను?

వదిన


జిల్లా కోర్టు దగ్గర లాడ్జి
జూన్

వదినా,

మీ వాళ్ళ కాగితం అందింది. దేవతలందరూ పూర్తిగా నావాళ్ళేనని రాసిచ్చారు. తిరిగొచ్చిన వాళ్ళలో ఎవరికీ దెబ్బలు తగల్లేదు.

నాలుగు పుస్తకాలూ మళ్ళీ వేస్తున్నాను, మా పత్రిక ప్రెస్సులోనే. ఈసారి పేర్లు కథ కింద కాదు, కథ పైన, పెద్ద అక్షరాల్లో. ఎవరూ అలంకారం అనుకోకుండా.

నీ కుర్చీ పోయింది. దానికి నేను కారణం. నువ్వు నన్ను తిట్టలేదు. తిడితే నాకు సులువుగా ఉండేది.

నర్సు, డ్రైవింగు మాస్టారు మళ్ళీ ఆడదామంటున్నారు. నేను ఈ కేసు తేలేదాకా కదలలేను. ఆట మాస్టారు నడుపుతాడు. రాయడానికి మనిషి కావాలి. పాచికలు పంపుతున్నాను. అన్నయ్యని బలవంతపెట్టకు.

మరదలు


ఇల్లు, వంటింటి బల్ల
జులై

మరదలా,

నువ్వు లేవు కాబట్టి వార్త నేను రాస్తున్నాను. చూసింది మాత్రమే.

ఆదివారం మధ్యాహ్నం వంటింటి బల్లని హాల్లోకి లాగాం. నర్సు గారు నేరుగా డ్యూటీ నుంచి వచ్చారు, కూర్చున్నాక చెప్పులు విప్పి కాళ్ళు కుర్చీ మీద పెట్టుకున్నారు. డ్రైవింగు మాస్టారు ప్రతివాళ్ళకీ “తొందరపడకండి, అద్దం చూసుకోండి” అంటూ ఆట నడిపారు. ఆ మనిషి పెళ్ళాంతో కూడా అలాగే మాట్లాడతారట. నేను రాయడానికే కూర్చున్నాను. రాసేవాళ్ళు ఊరికే కూర్చోకూడదని నాకూ ఒక పాత్ర ఇచ్చారు. కత్తులకి సానపట్టేది. ఎవరు చెప్పి ఉంటారంటావు?

మీ అన్నయ్యని నేను పిలవలేదు. కాసేపు గుమ్మంలో నిలబడ్డాడు. తర్వాత లోపలికెళ్ళి, స్టూలు తెచ్చుకుని దూరంగా గోడ దగ్గర వేసుకున్నాడు. “దివిటీవాడు ఎక్కడున్నాడు ఇప్పుడు?” అని మాస్టారు అడిగారు, పదిహేనేళ్ళ సంగతి నిన్నటిదైనట్టు.

“తలుపు దగ్గరే” అన్నాడు.

ఆటలో చలి. మంచు. వంతెన మీద అందరం ఇరుక్కున్నాం, నిప్పు కావాలి. మీ అన్నయ్య వంతు వచ్చింది. మొక్కుతానన్నాడు. ఎవరికి అని ఎవరూ అడగలేదు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. నేను కలం పట్టుకుని కూర్చున్నాను. నా పెళ్ళిలో కూడా నాకు అంత చెమట పట్టలేదు.

“పలకలేదు” అన్నాడు. “ఇంకా చచ్చే ఉంది.”

ఎవరూ ఓదార్చలేదు. నర్సు గారు తలూపారు. నేను రాశాను. దివిటీవాడి మాట.

తర్వాతి వంతు నాది. నేనూ మసెమ్మకే మొక్కాను. నోరు తెరిచేదాకా ఏం చెప్తానో నాకే తెలియదు, ఒట్టు.

“పలికింది” అన్నాను.

మీ అన్నయ్య నా వైపు తిరిగాడు. “ఏమంది?”

“వాడికి నేను చచ్చినట్టే, కాదని వాడితో వాదించకు అంది. కానీ వాడు చలిలో కూర్చోవాలని నేనెక్కడా చెప్పలేదే, నీ నిప్పు దగ్గరికి రమ్మను అంది.”

కింద వీధిలో ఎవరో బండి స్టార్ట్ చేస్తున్నారు, అవడం లేదు. వెళ్ళి స్టార్ట్ చేసిపెట్టాలని మాస్టారికి చెయ్యి ఊరుకోవడం లేదని తెలుస్తూనే ఉంది, అయినా కదల్లేదు.

“చచ్చినా నోరు తగ్గలేదు ఆవిడకి” అన్నాడు మీ అన్నయ్య. స్టూలు లాక్కుని వచ్చి బల్ల దగ్గర, నా పక్కన వేసుకున్నాడు. “ఊఁ, రాయి. ఇద్దరిదీ రాయి.”

రాశాను. రెండూ ఒకే పేజీలో ఉన్నాయి, ఒకదాని కింద ఒకటి, పేర్లతో సహా. అచ్చుకి పంపుతున్నాను. ఇందులో ఏది నిజమో తేల్చమని ఎవరైనా నీ దగ్గరికి వస్తే నువ్వు మాట్లాడకు, నువ్వు మరీ మర్యాదగా చెప్తావు. నా దగ్గరికి పంపు.

సానపట్టేది